జీడిగుర్తు

బోర్డు మీద పేరు వేరే ఉన్నది, మూడు భాషల్ల.
నల్లగొండ బస్టాండుల ఆ పేరు చెప్తే
ఆటోవాళ్ళు "అది యాడుంది?" అంటరు.
పల్లిమిల్లు దవాఖాన అంటే
కిరాయి మాట్లాడకుండనే బండి తిప్పుతరు.

మిల్లు మూతబడ్డ ఏడు
రేకుల షెడ్డుల పదకొండు మంచాలు పడ్డయంట.
పదకొండు మంచాలకు ఇరవై రెండు దుప్పట్లు,
ఒకటి ఒంటి కింద, ఒకటి తీగ మీద.
మా నాయిన ఈదయ్య
నల్లజీడి గింజను సూదితో పొడిచి
దుప్పటి మూలకు గుర్తు పెట్టిండు:
ఒక గీత, గీత కింద చుక్క.
ఊళ్ళె ఇంటికో గుర్తు ఉండె ఆయినకు.
ఇది ఎవ్వరిల్లూ కాదు గనక
కొత్తది కనిపెట్టవలసి వచ్చింది.

మొదట్ల దుప్పట్లన్నీ పల్లినూనె వాసన.
ఎంత సౌడు వేసి ఉడకబెట్టినా పోలే.
నిడమనూరు నుంచి కాన్పుకొచ్చిన పిల్ల
"ఈడ పండుకుంటే ఆకలైతది సిస్టరమ్మా" అన్నదంట.
ఆ మాట మిగిలింది, ఆ పిల్ల పేరు మిగల్లే.

మర్రిగూడ దిక్కునుంచి వచ్చేటోళ్ళ దుప్పటి
నడుమనే నలుగుతది.
కాళ్ళు సాపలేరు కద,
అంచులు ఇస్త్రీ చేసినట్టే ఉంటయి.
డాక్టర్ సుగుణవతమ్మ ఎక్స్‌రేలు ఎండకు పట్టి చూసేది.
మా నాయిన రేవుల ముడతలు చూసి చెప్పేటోడు:
"ఇయ్యాల నలుగురు, బోరు నీళ్ళోళ్ళు."
తాను తాగేది గూడ గవే నీళ్ళని
ఆయినకు ఎవ్వరు చెప్పలే.
చెప్పినా తాగడానికి వేరేవి లేవు.
చివరికి మెడ తిరగక
పిలిస్తే మనిషంత తిరిగేటోడు, తలుపు లెక్క.

పోయిననాడు ఆయిన దుప్పటి నేనే ఉతికిన.
అంచులు ఇస్త్రీ చేసినట్టే ఉండె.

పైసల సంగతి అడుగుతరు అందరు, ఎట్ల నడుస్తదని.
కౌంటర్ల జబ్బార్ సాబ్‌కు ఒక్కటే చెప్పిన్రంట:
ఇచ్చినంత తీసుకో, ఇయ్యకుంటే పేరు తీసుకో.
తుంటి ఆపరేషన్‌కు ఎవరో గోనెడు బత్తాయిలు దించిపోతే
రసీదు గూడ రాసిండు: బత్తాయిలు, గోనె ఒకటి.
పట్నం నుంచొచ్చిన ఆడిటర్ వేలు పెట్టి అడిగిండు,
ఇది ఆదాయం కింద చూపెట్టాల్నా అని.
"తినేసినం సార్," అన్నడు జబ్బార్ సాబ్,
"ఖర్చు కింద రాయుండ్రి."

ఇప్పుడు నాలుగువందల అరవై మంచాలు.
రేకుల షెడ్డు ఉన్నకాడ ఐదంతస్తులు,
గుండెకు వేరే, మూత్రపిండాలకు వేరే, లిఫ్టుల అద్దం.
నేలకింది గదిల మూడు యంత్రాలు, నేను బటన్ నొక్కుత.
ఒక్కో దుప్పటికి గీతల స్టిక్కర్, కంప్యూటర్ చదువుతది.
చదవనీ. దానికి ముడతలు రావు.

కరోనా ఏడు దుప్పట్లు పసుపు సంచులల్ల వచ్చినయి,
ముడి ఇప్పకుండ సంచితోనే యంత్రంల వెయ్యమన్నరు.
ఎవ్వరు బోర్ల పండుకున్నరో, ఎవ్వరు అంచు పట్టుకొని పిండిన్రో
ఏం తెల్వకుండ ఉతికిన.
రాత్రి రెండు గంటలకు సంచులు లెక్కబెట్టుడు ఆపేసిన.
ఇంట్ల ఎవ్వరితోని అనలే ఇది.

పాతవాటిని పారెయ్యం.
ఉతికి ఉతికి మెత్తబడ్డవి కాన్పుల వార్డుకు పోతయి,
చింపి, పుట్టినోళ్ళను చుట్టడానికి.
ఇంటికి పోయేటప్పుడు విడిచి పొమ్మని రూలుంది.
ఎవ్వరు విడవరు. సిస్టర్లు ఎవ్వరు అడగరు.

మొన్న చండూరు బస్సుల
నా పక్కన ఒక ముసలమ్మ సద్ది కట్టుకున్న గుడ్డ,
తెల్లగుండెనో ఏమో ఒకప్పుడు.
ముడి కాడ, మాడిన గోధుమ రంగుల,
గీత, గీత కింద చుక్క.

ఏమవ్వా, యాడిది గిది అని
నోటిదాక వచ్చింది.
కిటికీ దిక్కు జరిగిన.
ఆమె మూట మా ఇద్దరి నడుమ పెట్టి
ముడి ఇప్పి
తిను బిడ్డా అన్నది.