గజం ఎంత

మల్కాజిగిరి రిజిస్ట్రేషన్ ఆఫీసు ముంగట
టార్పాలిన్ కింద నా టేబులు.
ఇరవై రెండేండ్ల సంది సేల్ డీడ్లు రాస్తున్న.
ఎవరి హద్దు యాడ ఆగుతదో నాకు నోటికొస్తది.

లోపల జూనియర్ అసిస్టెంటు దీవెనమ్మ.
లాలాగూడ నుంచి బస్సుల వస్తది,
సంచిల టిఫిన్ బాక్సు, నల్లట్ట బైబిలు, గొడుగు.
సాయంత్రం డ్రాయర్లు గుంజి
కవర్లు పంచుకునే యాల్లకు
ఆమె గొడుగు తీసుకొని లేస్తది,
వాన లేకున్నా.

"పరలోకంల ప్లాటు తీసుకున్నవట గదమ్మా,
గజం ఎంత పడ్డది?"
మొదలు అడిగింది నేనే.
ఆమె గూడ నవ్వింది.
"ప్లాటు గాదన్నా, కట్టిన ఇల్లే.
రిజిస్ట్రేషన్ ఖర్చు ఆయనే పెట్టుకున్నడు."
చాయ్ సల్లారేదాక నవ్వినం.
ఇగ అదే పేరయ్యింది ఆమెకు:
గజమెంతమ్మ.

ఒకసారి కండ్లు మూసి ప్రార్థన చేస్తుంటే
బాక్సుల చేప ముక్క మాయం చేసిన్రు మావోళ్లు.
కండ్లు తెరిచి చూసింది,
బాక్సు అటే జరిపింది.
"ఉత్త ముక్క గొంతు దిగదు,
పులుసు గూడ పోసుకోన్రి."

నవ్వెటోళ్లన్న నయం.
పక్క కుర్చీ సారు మూడేండ్ల సంది
ఆమె నమస్తేకు తలెత్తలే.
రోజూ పెడ్తది.

మొన్న మార్చిల
టైల్స్ మేస్త్రి పెండ్లాం జహీరాబీ,
మౌలాలిల అరవై గజాలు,
కవర్ లేక పదకొండు వారాలు పండిన ఫైలు.
దీవెనమ్మ ఆ ఫైలు చేతవట్టుకొని
పెద్దసారు రూముల నిలబడ్డది.
ఆమె ఏమన్నదో మాకు వినపడలే.
సారు అరుపు మాత్రం రోడ్డు దాకా వచ్చింది.
సంతకమైతే అయ్యింది.
ఆమెను రికార్డు రూములకు తోసిన్రు.

కిటికీ లేని గది, చెదలు, దుమ్ము.
పొద్దంత దగ్గు వినొస్తది.
దగ్గుకూ దగ్గుకూ నడుమ సన్నగ పాట.

నిన్న సర్టిఫైడ్ కాపీకి పోయిన.
తొంభై ఏడు నాటి వాల్యూము
పది నిమిషాల్ల దొరకవట్టింది.
అలవాటు చొప్పున రెండు వందలు పెట్టిన.
నోటు నాలుగు మడతలు మడిచి
నా అంగి జేబులనే పెట్టింది,
బడికి పోయే పిల్లగానికి రుమాలు పెట్టినట్టు.

"నా పూర్తి ఇష్టముతో, ఎవరి బలవంతము లేకుండా
వ్రాసి ఇచ్చిన దస్తావేజు."
ఎన్ని వేల కాయితాల మీద టైపు కొట్టిన్నో ఈ ముక్క.
చదివింది మాత్రం నిన్ననే.

సాయంత్రం గేటు కాడ ఎవరో అన్నరు,
"గజమెంతమ్మా, పోతున్నవా?"
అందరు నవ్విన్రు.
నేను గూడ నవ్విన,
జర ఆలస్యంగ.