పాత నంబరు, కొత్త నంబరు

మా చూళైలో ప్రతి గుమ్మానికీ రెండు నంబర్లు.
మాది పాత పద్నాలుగు, కొత్త ముప్పై ఏడు.
కొరియర్ కుర్రాడు మిట్టమధ్యాహ్నం
ఆ రెండింటి మధ్యా చెమటోడ్చి
చివరికి ఫోన్ చేస్తాడు.

పెరుంగుడిలో నా ఉద్యోగమూ అదే.
బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ
మెమరీలో ఇళ్ళన్నీ ఊడబెరికి
ఎక్కడ పడితే అక్కడ పాతించడం.
నిన్నటి అడ్రసు జేబులో వేసుకొచ్చినవాడు
తలుపనుకుని శూన్యాన్ని తోస్తాడు,
పేజీ మొత్తం కుప్పకూలుతుంది.

రాత్రి పక్కవాటా కనకవల్లి పిన్ని వచ్చింది.
"ఏం బ్రౌజర్రా మీది!
కరెంటు బిల్లు కడుతుంటే చటుక్కున చచ్చింది."
మధ్యలో ఏమైనా నొక్కావా?
"చీరలేవో కనిపిస్తే... ఊరికే చూశానంతే."
రిపోర్టు తెరిచాను.
ఎవడో వచ్చాడు,
లేని గదిలోకి అడుగేసి పడ్డాడు.
పిన్నికి చెప్పలేదు.
"మళ్ళీ తెరువు, ఈసారి పనిచేస్తుంది" అన్నాను.
తిట్లు తిన్నాను, ఆవిడ తెచ్చిన మురుకులూ తిన్నాను.

నిద్ర పట్టనిది ఇందుకు కాదు.
ఇంటిని ఎటు జరిపినా
వాకిలి నుంచి వంటింటికి అడుగులు మారవు.
ఒక్క అంకె బయటికి పొక్కితే చాలు,
వాడు చీకట్లో లెక్కపెట్టుకుంటూ
బీరువా దాకా వచ్చేస్తాడు.

పదకొండు దాటింది.
కింద ఎవరో అరవంలో అడుగుతున్నారు,
పద్నాలుగో నంబరు ఎక్కడని.
పాతదా, కొత్తదా?
నోటిదాకా వచ్చింది.
లైటు తీసేసి
కిటికీ పక్కన నిలబడ్డాను.