ఒత్తు పోయిన సంఖ్య

పూణేలో పెట్టిన పేరు.
మొదట సంఖ్య అనుకున్నారంట.
ఆ పేరుతో వెబ్ చిరునామా ఖాళీ లేదని
హెచ్ ఒకటి, వై ఒకటి తీసిపారేసి
నారింజ స్టిక్కర్లేసి ఆదోనికి పంపినారు.

మార్కెట్ యార్డులో
పత్తి బోరాల మధ్య ల్యాప్‌టాప్ తెరిచి
జీతం తీసుకుంటున్నందుకు నేనే చదివినాను:
"ఇకమీదట మీ మండీ లెక్కలన్నీ సంకలోనే."

హమాలీ ఉరుకుందు కొక్కెం కింద పెట్టినాడు.
మహానందప్ప సేటు అద్దాలు తీసి తుడుచుకున్నాడు.
ఆమీట యార్డు యార్డంతా
గోనె పిగిలి శనక్కాయలు రాలినట్టు నవ్వింది.
"పోయినేడు పత్తి పెట్టి సంక నాకినాం,
ఈయేడు దుడ్లు కట్టి నాకల్లనా పాపా?"

రాత్రి మీటింగులో అడిగినారు: బూతా?
కాదు సార్.
మరి?
బూతైతే నాకూ సులభమే,
ఒక్క మాటతో పేరు మారిపోయేది.
బిడ్డను ఎత్తుకునే చోటు సార్ అది.
గెలిస్తే గుద్దుకునేది, చెడితే నాకేది,
బిడ్డ అక్కడే ఉండంగా
ఊరంతా వెతికొచ్చేది.
ఎనిమిది కిటికీల్లో ఎనిమిది మొహాలు.
ఒకాయన రాసుకున్నాడు: బాడీ పార్ట్. రిస్క్ తక్కువ.

"లెక్క అని పెట్టండి," అన్నాను.
మా దిక్కు లెక్కంటే డబ్బు కూడా,
"లెక్కుందా?" అంటే జేబు తడుముకుంటారు.
బాగుందన్నారు.
స్టిక్కర్లు అచ్చైపోయినాయి అన్నారు.

మూడు నెల్లకు
ఎవరూ నేర్పకుండానే పేరు పనిలోకి దిగింది.
"నలభై బోరాలు సంకకెక్కినాయా?"
"ఎక్కినాయప్పా, చీటీ తీసుకో."
సర్వర్ పడిపోయిన పొద్దు మాత్రం
కొత్త మాట వెతుక్కునే పని లేకపాయె.
నేను ఇంగ్లీషులో నాలుగు పేరాల ఫిర్యాదు రాస్తుంటే
ఉరుకుందు సుద్దముక్క తీసుకొని
తలుపు మీద రెండే మాటలు రాసినాడు.
ఆ ఫోటోనే పూణేకి పంపినాను.

నిన్న, రాలిన కాయలు ఊడ్చుకునే హుసేనమ్మ
ఎడమ సంకలో మనవరాలు, కుడిచేత చాట,
స్క్రీను ముందర నిలబడింది.
"దీంట్లో నా పేరుందా పాపా?"
వెతికినాను.
అమ్మేవాళ్ళలో లేదు, కొనేవాళ్ళలో లేదు,
హమాలీల్లో లేదు.
ఊడ్చేవాళ్ళకు గడే పెట్టలేదు.
ఇంకోసారి వెతికినాను, ఊరికే.

జారుతున్న మనవరాలిని పైకి ఎగేసుకొని
"లేకుంటే పీడాపాయె," అనుకుంటా
చాట విదిలించి
పత్తి గోడౌను పక్కకు పోయింది.