పట్టూ విడుపూ

సెగెద్ ఊళ్లో ట్రామ్ నడుపుతాను నేను.
మంగళవారం ఆఖరి ట్రిప్పు దింపేసి
యూనిఫామైనా మార్చుకోకుండా
జొంబోర్ నేలమాళిగ మెట్లు దిగాను.
సంచిలో బ్యాటు.
దాని రబ్బరు అంచులు
ఎండిన రొట్టెలా పెచ్చులూడుతున్నాయి.

ముందు వాసన చూశాడు.
తర్వాత బొటనవేలితో రాశాడు.
గాజు పలక మీద జారినట్టు
వేలు ఆ చివరికి పోయింది.
"ఇది చచ్చిపోయి రెండేళ్లయింది పిరోష్కా,
నువ్వింకా సూపు తాగిస్తున్నావు."

ఎలా ఆడతావని అడగలేదు.
ఎవరి చేతిలో ఓడిపోతున్నావన్నాడు.

పోస్టాఫీసు ఎతెల్కా చేతిలో.
పగలంతా కవర్ల మీద ముద్రలు గుద్దుతుంది,
రాత్రి క్లబ్బులో చప్పుడు లేకుండా బంతిని కోస్తుంది.
అది నా బల్ల మీద పడి
కాసేపు ఆలోచించుకుని
నేను లేని వైపు వెళ్తుంది.

మూడు డబ్బాలు దించాడు.

మొదటిది నల్లది, చైనాది.
పైనున్న పల్చటి పొర లాగితే
పసిపిల్ల బుగ్గ మీది జామ్ లాంటి జిగట.
బంతిని ఆనించి తలకిందులు చేశాడు.
నాలుగంకెలు లెక్కపెట్టేదాకా
గబ్బిలంలా వేలాడింది.
ఉడుంపట్టు!
చెయ్యి చాచాను.
ఇవ్వలేదు.
"దీంతో నువ్వు బంతిని బొంగరం చేస్తావు, నిజమే.
కానీ ఎతెల్కా పంపేదీ బొంగరమేగా.
ఆమె తిప్పిందంతా ఇది తాగేసి
వడ్డీతో సహా నీ మొహానే కొడుతుంది."

రెండోది ఎర్రది, జర్మనీది.
స్పాంజి రెండు మిల్లీమీటర్లు దాటింది.
నొక్కిన వేలిని విసిరికొట్టింది.
బ్రేకుల్లేని ట్రామ్ అన్నాను.
ఇద్దరం నవ్వాం.
వెల చూశాక నేను మానేశాను.

మూడోది తీయడానికి మొహమాటపడ్డాడు.
అదీ ఎర్రదే. ఒకటి పాయింట్ ఎనిమిది.
"నేర్చుకునే పిల్లలకిస్తాం," అన్నాడు గొంతు తగ్గించి.
బంతి దానికి అంటుకోలేదు.
అలాగని పారిపోనూ లేదు.
అరక్షణం ఆగి
అడిగి వెళ్లినట్టు వెళ్లింది.

ఇరవై ఆరేళ్లుగా నా ఎడమచేతిలో ఒక మీట ఉంది.
అక్టోబరులో ఆకులు రాలి
పట్టాల మీద తడిసి ముద్దవుతాయి,
చక్రం తిరుగుతూనే జారుతుంది.
అప్పుడు పిడికెడు ఇసుక వదలాలి.
పిడికెడే.
అసలు వదలకపోతే మలుపు మనది కాదు.
దోసెడు వదిలితే
నిలబడ్డ ముసలమ్మ సంచిలోని ఉల్లిపాయలు
నా క్యాబిన్ తలుపు దాకా దొర్లుకొస్తాయి.
ఈ సంగతి చేతికి తెలుసు.
బల్ల దగ్గర మాత్రం
ఎందుకో దానికి చెప్పలేదు నేను.

బ్యాక్‌హ్యాండ్‌కి పిల్లల రబ్బరే అన్నాను.
ఫోర్‌హ్యాండ్‌కి నల్లది కావాలని మారాం చేశాను.
"వసంతం రానీ," అన్నాడు,
అటువైపు ఏదో మామూలు నల్లది వేశాడు.
జిగురు పాలలా పూశాడు.
అది నీళ్లలా తేటపడేదాకా
వాళ్లావిడ మోకాలి నొప్పి గురించి చెప్పాడు.
సీసా దొర్లించి అణిచాడు, కత్తి తిప్పాడు.
ఆపిల్ తొక్కలా రాలిన ఎర్రటి ముక్కను
ఎందుకో జేబులో వేసుకున్నాను.

శుక్రవారం ఓడిపోయాను.
ఐదో గేము, పదకొండు తొమ్మిది.
కానీ ఆమె కోత సర్వీసులు ఏడు
వెళ్లిన దారినే తిరిగొచ్చాయి,
ఏ పగా లేకుండా, పొట్టిగా, నెట్ పక్కనే.
ఏడోదానికి ఎతెల్కా
తన బ్యాటు కేసి చూసుకుంది.
చేయి కలిపాక
నా బ్యాటు మీద బొటనవేలు రాసి
ఏమీ అనకుండా ఇచ్చేసింది.

సోమవారం పొద్దున
అద్దంలో కనిపించింది, వెనక తలుపు దగ్గర,
చంకలో బ్యాటు సంచి.
పోస్టాఫీసు స్టాపు దాటిపోయినా దిగలేదు.
జొంబోర్ వీధికి ముందు గంట నొక్కింది.

తలుపు తీశాను.
ఆమె నావైపు చూడలేదు.
నేనూ చూడనట్టే ఉన్నాను.
ఆ పూట పట్టాలు తడిగా ఉన్నాయి,
ఇసుక సరిపడా ఉంది.