తూకానికి వచ్చిన మనుషులు

పూర్ణా మార్కెట్ వెనక సందులో
అప్పలకొండ పాత పేపర్ల కొట్టు.
ఇంగ్లీషు పేపరుకో రేటు, తెలుగు పేపరుకో రేటు,
అట్టలకి ఇంకా తక్కువ.
ఫొటోలకి రేటే లేదు.
"పొట్లాలకీ పనికిరావు మేస్టారూ,
బెల్లం అంటుకుంటే ఊడదు" అంటాడు.
అట్టల లెక్కనే తూచి ఇచ్చేస్తాడు.

పోర్టు వేబ్రిడ్జి దగ్గర ముప్పై రెండేళ్లు
లారీల బరువు రాసిన చెయ్యి నాది.
మాంగనీసు, బొగ్గు, ఎరువు.
నిండు బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే సరుకు.
రిటైరయ్యాక ఆదివారం ఆదివారం
పావుకిలో మనుషుల్ని
చేతిసంచీలో వేసుకుని ఇంటికొస్తాను.
చావడిలో నేల మీద పరుస్తాను.
"బతికున్నోళ్లో పోయినోళ్లో,
దేవుడి గది వైపు మాత్రం పెట్టకండి"
అంటుంది సత్యవేణి.

ఒక కొత్త జంట.
వెనక గుడ్డ తెర, తెర మీద సముద్రం,
తెల్లటి ఓడ, మూడు కొబ్బరిచెట్లు.
అట్ట వెనక ఊదారంగు ముద్ర:
జలజా ఫొటో స్టూడియో, వన్ టౌన్.
అక్కణ్ణుంచి అసలు సముద్రం
ఒక బీడీ కాల్చినంత దూరం.
తలుపు తీస్తే హోరు వినిపించే ఉంటుంది.
అయినా రంగు సముద్రం ముందే నిలబడ్డారు,
ఫొటో అయ్యేదాకా అలలు కదలకూడదని కాబోలు.
ఆవిడ చెప్పులు ఆవిడవి కావు,
మడమలు అరంగుళం బయటికి వేలాడుతున్నాయి.
ఎవరు అరువిచ్చారమ్మా?
ఇంటికి వట్టికాళ్లతో నడిచావా?

ఇంకో దాంట్లో డ్రెడ్జరు మీద పదకొండుమంది.
ఎడమ నుంచి నాలుగో మొహాన్ని
గుండుసూదితో గీకేశారు
ఓపిగ్గా, గుండ్రంగా,
పక్కవాడి చెవికి తగలకుండా.
కోపం ఇంత జాగ్రత్తగా ఉంటుందా?
పక్కవాడి చెయ్యి మాత్రం
ఆ లేని మనిషి భుజం మీదే ఉంది ఇంకా.

కొన్నిటిని ఉప్పుగాలి తినేసింది.
ఈ ఊళ్లో ఇనప గేట్లకే దిక్కులేదు,
కాగితం మనుషులెంత.
హుద్‌హుద్ వెళ్లిన నెల
కొట్టు నిండా తడిసిన ఆల్బమ్‌లు.
అతుక్కున్న రెంటిని విడదీస్తే
పిల్లాడి నవ్వు ఊడొచ్చి
ఎవరో ముసలాయన చొక్కా మీద దిగింది.
అలాగే ఉంచాను.

మొన్న కానాగంతల తట్ట గుమ్మంలో దించి
మాసేనమ్మ లోపలికి తొంగిచూసింది.
తడిచెయ్యి చీరకి తుడుచుకుని
ఒకటి పైకి తీసింది.
ముక్కుకి అడ్డబాస పెట్టుకుని
కెమెరాని గద్దిస్తున్నట్టు చూసే ఒకావిడ.
"మీవాళ్లా?" అన్నాను,
పన్నెండేళ్లలో మొదటిసారి
ఒకరెవరో దొరికారని నా గుండె దడ.
"కాదు బాబూ. మాయమ్మకి పొటో నేదు.
తీయించుకోమంతే ఆయుస్సు తగ్గిపోద్దనీది.
ముక్కు ఒక్కలాగే ఉంది. ఇచ్చీ."
"ఈవిడెవరో నీకు తెలీదు కదా?"
"ఆళ్లోలు ఒగ్గీసినారు గదా.
నానెట్టుకుంతాను."
ఆ పూట చేపలకి డబ్బు తీసుకోలేదు.

తర్వాతెప్పుడో జాలారిపేట వెళ్లినప్పుడు చూశాను.
గోడ మీద ఆవిడ,
ప్లాస్టిక్ దండ, ఎర్రటి జీరో బల్బు,
అద్దం మీంచి నుదుటికి కుంకం.
చంటిగుంట వేలు చూపించి "ముత్తమ్మ" అంటోంది.
నాలుగేళ్లు మా ఇంట్లో ఉన్న మనిషి,
నన్ను గుర్తుపట్టనే లేదు.

ఆ రాత్రి బీరువా పైనుంచి
మా పెళ్లి ఆల్బమ్ దింపాను.
ఏడో పేజీ, బంతిలో చివరి విస్తరి,
ఆకుపచ్చ చొక్కా మనిషి
పులిహోర ముద్ద నోటి దగ్గర ఆపి
నేరుగా నా వైపే చూస్తున్నాడు.
సత్యవేణిని లేపి అడిగాను.
కళ్లజోడు వెతుక్కుని, దీపం దగ్గరికి జరిపి
చాలాసేపు చూసింది.
"ఈయన మీ వైపు అనుకున్నాను ఇన్నాళ్లూ" అంది.