నాలుగు వేళ్ళ సందు

కూలర్ చల్లబరచడం లేదని
తూబా ఖానుం కబురు పెట్టింది.
కెర్మాన్‌లో జూన్. మేడ మీద రేకు
ముట్టుకుంటే చర్మం అడుగుతుంది.

ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని నాది,
ఈ పేటలో కప్పులన్నీ నా మోకాళ్ళకు తెలుసు.
పెట్టె తలుపు ఊడదీశాను.
పీచు కొత్తదే, చెక్క వాసన ఇంకా పోలేదు.
పంపు ఎక్కిస్తోంది. నీళ్ళు మూడు వైపులా
సమంగానే జారుతున్నాయి. బెల్టు బిగువుగా ఉంది.
అడుగున పేరుకున్న సున్నం గోకేశాను.
తప్పేమీ దొరక్కపోతే
డబ్బులడగడం కష్టం.

"ఏసీ కొనుక్కోమంటున్నాడు మా అల్లుడు" అంది.
"కరెంటు బిల్లు కూడా అల్లుడే కడతాడా?" అన్నాను.

కింద గదిలో మాత్రం
దుప్పటి చెమ్మగిల్లింది, సీసాలో ఉప్పు గడ్డకట్టింది,
అచ్చం బందర్ అబ్బాస్‌లో మా బావమరిది ఇంట్లోలా.
అక్కడ సముద్రం
గాలికి ముందే కడుపు నిండా తాగించి పంపుతుంది.
ఇలాంటి పెట్టే ఒకటి లారీలో తీసుకెళ్ళి బిగించానొకసారి.
తెల్లారేసరికి గోడకు బూజు, వాడి నోట తిట్లు.
దాహం లేని గాలికి నీళ్ళు చూపించి ఏం లాభం?
ఇక్కడి గాలి అలాంటిది కాదు,
ఆరేసిన చొక్కాకి క్లిప్పు పెట్టేలోపే తాగేస్తుంది.
మరి ఈ ఇంట్లో ఉక్కపోతేమిటి?

"కిటికీలు మూసే ఉంచుతారా?"
"ఉంచుతాను."
"ఎందుకు?"
సమోవర్ వైపు చూసింది.

పక్కిల్లు ఆమె చెల్లెలు మాహ్‌రుఖ్‌ది.
నడిమి గోడ ఎవరిదన్న తగాదాలో
ఎనిమిది వేసవులుగా మాటల్లేవు.
వీధికంతా తెలుసు.
ఆ ఇంటి కూలర్ చూసేదీ నేనే మరి.

"ఖానుం, వచ్చిన గాలి వెళ్ళాలి.
వెళ్ళే దారి లేకపోతే
పెళ్ళయిపోయినా కదలని చుట్టంలా
తడి ఇక్కడే కూర్చుంటుంది.
ఎక్కువ అక్కర్లేదు, నాలుగు వేళ్ళ సందు."

రెక్క తుప్పు పట్టి మొరాయించింది,
స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తాల్సి వచ్చింది.
ముందు కర్టెన్ అంచు బయటికి వంగింది.
ఆ తర్వాత అవతలి వంటింట్లోంచి
గిన్నె పడ్డ చప్పుడు,
వెనకే ఓ పొడి దగ్గు.

తూబా ఖానుం తల అటు తిప్పింది.
"దానికి ఇంకా తగ్గలేదా" అంది,
నాతో కాదు.

సున్నం గోకినందుకు డబ్బులిచ్చింది.
మెట్లు దిగుతుంటే
వెనక నుంచి కేకేసింది:
"మూడు వేళ్ళు చాలవా?"