వెనుక బల్ల

ప్రభువా,
ఇవాళ కూడా రొట్టె పళ్లెం
నా ముందు వరుస దాకా వచ్చి వెనుదిరిగింది.
రొట్టె వాసన మాత్రం ఆగలేదు,
దానికి సంఘం తీర్పు తెలియదు కదా.

తలుపు పక్కన ఈ బల్ల.
తలుపు కింద బెత్తెడు సందు.
మలూటి కొండల మంచుగాలి
ఆ సందులో దూరి వచ్చి
ముందు నా మడమల్నే పలకరిస్తుంది.
ఎనిమిది నెలలు అయ్యాయి. ఇంకా నాలుగు.

ఏం చేశానో నీకు చెప్పాలా?
చావు చందాల రేకు పెట్టె నా మంచం కిందే ఉండేది,
తాళంచెవి నా మెడలో.
మొదటిసారి అప్పు అనుకుని తీశాను,
తర్వాత ఏమీ అనుకోకుండానే తీశాను.
ముసలి త్సెలిసో పోయిన రోజు
అందరి ముందూ మూత ఎత్తితే
అడుగు రేకు తళతళ మెరిసింది.
అతని కొడుకులు వాకిలి తలుపు ఊడదీసి
శవపేటిక చేసుకున్నారు.
పదకొండు రోజులు ఆ ఇంటికి తలుపు లేదు.
ఈ బల్ల మీద కూర్చుంటేగాని
ఆ చలి లెక్క నాకు తెలియలేదు.

ఊరు నన్ను తిట్టింది, న్యాయమే.
నాకు కోపం వచ్చింది నీ మీద.
జొన్న కంకి పట్టకుండానే ఎండింది.
బొచ్చు మేక ఈనలేక చచ్చింది.
బొటనవేలు వాచి
వారం రోజులు మగ్గం మూగబోయింది.
ఒక్క తప్పుకు ఎన్ని దెబ్బలు అని అడిగాను.
నువ్వు పలకలేదు.
అదీ ఒక దెబ్బే అనుకున్నాను.

నిన్న రాత్రి మళ్లీ మగ్గం ముందు కూర్చున్నాను.
మసేరూ కొట్టువాడు అడిగిన గోడ తివాచీ:
ఒక కొండ, రెండు గుడిసెలు, మేకలు కాసే పిల్లాడు.
మూరెడు నేశాక దీపం దగ్గరగా పెట్టి చూస్తే
అడుగున ఎక్కడో రెండు పోగులు తప్పాను,
కొండంతా ఎడమకు ఒరిగిపోయి ఉంది.
విప్పడం మొదలుపెట్టాను.
నేయడానికంటే విప్పడానికే ఓపిక ఎక్కువ కావాలి.
ఒక్కో పేక లాగాలి,
వేలికి చుట్టాలి,
ముడిపడకుండా ఉండకు చేర్చాలి.

పూలెంగ్ నిద్రకళ్లతో లేచి వచ్చింది.
కరువు విరిగిన రాత్రి, వానలో పుట్టిన పిల్ల,
దానికి అన్నీ ప్రశ్నలే.
"కత్తెరతో కోసేసి కొత్తది మొదలెట్టొచ్చుగా అమ్మా?"
"నూలు మంచిది తల్లీ," అన్నాను.
అన్నాక, చెయ్యి ఆడలేదు.

గొంతు నాదే.
మాట ఎవరిదో.

పిల్ల పడుకున్నాక
చీకట్లో నన్ను నేను వేళ్లతో తడుముకున్నట్టు వెతికాను.
లాగిన చోటల్లా నొప్పి ఉంది.
తెగిన చోటు లేదు.
వెనక్కి, ఇంకా వెనక్కి,
నేను తప్పిన ఆ మొదటి పోగు దాకా లాగుతూనే ఉన్నావు,
ఒక్క చోటైనా కత్తెర పెట్టలేదు.

అంతా అర్థమైపోయిందని గొప్పలు పోను.
పొద్దున లేస్తే బొటనవేలి వాపు అలాగే ఉంది.
త్సెలిసో కోడలు నన్ను చూసి పక్క సందులోకి తిరిగింది.
వారం వారం నూరు మలోటి తెచ్చి పెట్టెలో వేస్తే
లెక్క రాసే మాస్టారు తల ఎత్తడు.
ఎత్తక్కర్లేదు.

కానీ ఇవాళ, పళ్లెం వెనుదిరిగాక,
నా పక్కన కూర్చునే గుడ్డి అవ్వ సెల్లోవానే
(ఈ బల్ల మీద కూర్చోమని ఆమెకెవరూ చెప్పలేదు,
కాళ్లు చాపుకోవడానికి చోటుందని వచ్చానంటుంది)
తన దుప్పటి అంచు ఎత్తి
సగం నా మోకాళ్ల మీద కప్పింది.
ఏమీ అనలేదు.
ఆమె పళ్లులేని నోట్లో
రొట్టె ఇంకా నలుగుతూనే ఉంది.

దుప్పటి కింద నా వేళ్లు
అలవాటు కొద్దీ నేతను తడిమాయి.
గట్టి నేత.

ఇంకా నాలుగు నెలలు, ప్రభువా.
విప్పు.
నేను కదలను.